బ్రాడీపేట స్టూడియోలో అమ్మానాన్నల ఫోటో: డబ్బులకి న్యాయం జరిగింది, టైముకి మాత్రం జరగలేదు

గుంటూరులో అమ్మానాన్నల ఫోటో ఒకటి పద్ధతిగా తీయించి ఫ్రేమ్ కట్టించుకుందాం అనుకునేవాళ్ళకి పనికొస్తదని రాస్తున్నా. డ్రోన్లు, ప్రీవెడ్డింగ్ షూట్లు, పెళ్ళి ఆల్బమ్‌లు కావాల్సినోళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ఈ స్టూడియో మీకు సరిపడదు. బయట నుంచి చూస్తే జిరాక్స్ షాపు అనుకుంటారు, నిజంగానే ముందు గదిలో జిరాక్స్ మిషన్ ఉంటది, పాస్‌పోర్ట్ సైజు ఫోటోల కోసం కాలేజీ పిల్లలు ఎప్పుడూ నలుగురైదుగురు నిలబడి ఉంటారు. దాని వెనక గది ఉంది చూశారా, సంగతంతా అక్కడ ఉంది.

మా ఇంట్లో వాళ్ళిద్దరి ఫోటోలు అందరి ఫోన్లలో కలిపి వేలకొద్దీ ఉన్నాయి, గోడకి తగిలించదగ్గది మాత్రం ఒక్కటీ లేదు. ఎందుకంటే అన్నీ మూరెడు దూరం నుంచి తీసినవే. ఫోన్‌లో మెయిన్ కెమెరా దాదాపు 24, 26 ఎంఎం వైడ్ లెన్సుతో సమానం, ఫ్రేమ్ నిండా మొహం రావాలంటే బాగా దగ్గరికి వెళ్ళాలి, వెళ్తే కెమెరాకి ముక్కు దగ్గరై చెవులు దూరమై, ముక్కు ఉబ్బినట్టు, చెవులు వెనక్కి పీక్కుపోయినట్టు వచ్చిద్ది. అందరూ లెన్సుని తిడతారు గానీ దోషం దూరానిది. అదే మనిషిని ఏడెనిమిది అడుగుల నుంచి చూస్తే ముక్కుకీ చెవికీ మధ్య ఉన్న తేడా లెక్కలోకి రాదు, అందుకే ఈ పని తెలిసినవాళ్ళు 85 ఎంఎం, 105 ఎంఎం లాంటి, దూరం నుంచే మొహాన్ని పెద్దగా చూపించే లెన్సులు పెట్టుకుని వెనక్కి జరిగి నిలబడతారు. 2016లో ఐఫోన్ 7 ప్లస్‌లో పోర్ట్రెయిట్ మోడ్ వచ్చిన దగ్గర నుంచి వెనకంతా మసకబారితే చాలు పోర్ట్రెయిట్ అయిపోయిందని జనం ఫిక్సైపోయారు, అది సాఫ్ట్‌వేర్ అంచులు ఊహించుకుని వేసే మసక కదా, అమ్మ తల్లో మల్లెల దగ్గర, బుట్టకమ్మల దగ్గర, నాన్నగారి కళ్ళజోడు కాడ దగ్గర దొరికిపోయిద్ది. మా దగ్గరున్న ఒక ఫోటోలో అమ్మ పూలదండ సగం గోడలో కలిసిపోయి ఉంది, అది చూసి నవ్వుకోవడమే తప్ప పెద్దది చేయించుకోలేం.

సరే స్టూడియో సంగతి. దాన్ని నడిపే పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి, వాళ్ళ నాన్నగారి టైం నుంచీ ఇదే పనంట, షెల్ఫు మీద పాత యాషికా రెండు లెన్సుల కెమెరా ఒకటి దుమ్ము లేకుండా తుడిచి పెట్టుకున్నారు, 120 ఫిల్మ్ రోల్ వేస్తే దానికి 12 ఫోటోలే. అప్పటి అలవాటేమో ఇప్పటికీ టకటకా వందలు కొట్టరు. మేం లోపలికెళ్ళగానే ఆయన కెమెరా ముట్టుకోలేదు, మొదట ఆ వెనక గదిలో ట్యూబ్‌లైట్లన్నీ ఆపేశారు. నాన్నగారు "కరెంటు పోయిందా" అన్నారు కూడా. ట్యూబ్‌లైటు రంగు వేరు, పగటి వెలుగు రంగు వేరు, రెండూ కలిసి మొహం మీద పడితే ఒక చెంప పచ్చగా, ఇంకో చెంప నీలంగా వచ్చి తర్వాత ఫోటోషాప్‌లో ఎంత దిద్దినా చర్మం చర్మంలా ఉండదంట. తర్వాత ఉత్తరం వైపున్న పెద్ద కిటికీకి అడ్డంగా ఒక తెల్ల పంచె కట్టారు, నిజంగా పంచే, మా నాన్నగారు కట్టుకునేలాంటిదే. ఉత్తరం కిటికీకి మళ్ళీ ఇదెందుకండీ, అటు ఎండ రాదు కదా అని అడిగితే మన గుంటూరుకి ఆ లెక్క పనిచేయదన్నారు. మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు, ఆ మూడు నెలలూ ఎండ ఆ కిటికీలోంచి కూడా దూరిద్ది, నార్త్ లైట్ అని విదేశాల పుస్తకాల్లో చదివి అదే నమ్ముకుంటే ఇక్కడ పప్పులో కాలేసినట్టే అని. ఈ ముక్క నాకు యూట్యూబ్‌లో ఎవడూ చెప్పలా.

పంచె కట్టాక చూస్తే గదిలో వెలుగు మొత్తం మారిపోయింది. వెలుగొచ్చే చోటు పెద్దదైతే నీడ అంచులు మెత్తబడతాయి, చిన్నదైతే నీడ గీత గీసినట్టు పడి ముడతలన్నీ లోతుగా కనిపిస్తాయి. ఫోన్ ఫ్లాష్‌లో మన పెద్దోళ్ళు పదేళ్ళు ముసలైపోయి కనిపించేది అందుకే, అది పెసరగింజంత లైటు. ఇక్కడ కిటికీ వైపున్న చెంప వెలుగుతా, అవతలి చెంప నీడలోకి మెల్లగా జారతా మొహానికి ఒక గుండ్రదనం వచ్చింది. నీడ మరీ చిక్కనైన చోట ఒక థర్మాకోల్ షీటు అడ్డం పెట్టి వెలుగు వెనక్కి కొట్టించారు, ఆ షీటు పట్టుకోవడానికి నన్నే నిలబెట్టారు, చేతులు లాగేశాయి.

ఇద్దర్నీ కలిపి తీయడంలో ఉన్న తిప్పలు నాకు అక్కడే అర్థమైంది. లైటుకి దగ్గరగా ఉన్నవాళ్ళు తెల్లబోతారు, పక్కన ఉన్నవాళ్ళు చీకట్లోకి పోతారు, ఎందుకంటే దూరం రెట్టింపైతే వెలుగు సగం అవ్వదు, దాదాపు నాలుగో వంతుకి పడిపోయిద్ది. అందుకని ఇద్దర్నీ కిటికీ నుంచి బాగా వెనక్కి జరిపి కూర్చోబెట్టారు, అప్పుడు ఇద్దరి మధ్య ఉన్న ఆ రెండడుగుల తేడా పెద్ద లెక్కలోకి రాదు. నాన్నగారు లెక్కల మాస్టారు కదా, రిటైరై ఇన్నేళ్ళైనా ఈ వర్గం లెక్క వినగానే హుషారొచ్చేసి ఆయనకే తిరిగి పాఠం చెప్పడం మొదలుపెట్టారు, అమ్మ నుదురు కొట్టుకుంది. అమ్మ రంగు తక్కువ, మెరూన్ పట్టుచీర, నాన్నగారేమో తెల్ల చొక్కా తెల్ల పంచె, ఇదింకో తలనొప్పి. కెమెరాని దాని మానాన వదిలేస్తే అన్నింటినీ సగటు బూడిదరంగుకి తేవాలని చూస్తది, తెల్లబట్టలు ఎక్కువ కనపడేసరికి వెలుగు తగ్గించేస్తది, అమ్మ మొహం నల్లబడిపోయిద్ది, చాలా చోట్ల అప్పుడు చేసే పని ఏంటంటే ఇంట్లో కూర్చుని మొహం ఒక్కదాన్నే తెల్లగా లాగేయడం. ఈయన అమ్మ చెంప దగ్గర వెలుగు కొలిచే మీటరు పెట్టి చూసుకుని, నాన్నగారి చొక్కా మీద మడతలు పోకుండా ఉండేంత వరకే వెలుగు పెంచుకుని, ఆ తర్వాత దాన్ని కదల్చలేదు.

చిన్న చిన్న పనులు చాలా చేశారు, గుర్తున్నవి రాస్తా. నాన్నగారి కళ్ళజోడు తీయమంటారేమో అనుకున్నా, తీయనివ్వలేదు, నలభయ్యేళ్ళుగా పెట్టుకున్న మనిషి తీసేస్తే ముక్కు మీద గుంటలు కనిపిస్తాయి, కళ్ళు చిట్లించి చూస్తారు. దానికి బదులు కాడలు చెవుల దగ్గర కొంచెం పైకెత్తారు, అద్దాలు కిందికి వాలి కిటికీ మెరుపు మాయమైపోయింది, ముందు నుంచి చూస్తే ఎత్తినట్టే తెలియదు. చెమటకి పౌడర్ వద్దన్నారు, టిష్యూతో అద్దమన్నారు, పౌడర్ చామనఛాయ మీద బూడిద పూసినట్టు పడిద్దంట. అమ్మ స్టిక్కర్ బొట్టు మెరుస్తోందని కుంకుమ పెట్టుకోమన్నారు. జరీ అంచు ఎదురు ఫ్లాష్‌కి తెల్ల గీతలా కొట్టేసిద్ది, ఈయన ఫ్లాష్ వాడలేదు కాబట్టి ఆ బాధ లేదు, జరీ జరీలా కనపడింది.

ఇప్పుడు అసలు విషయం. మా నాన్నగారు ఫోటోల్లో నవ్వరు. నవ్వమంటే పళ్ళు కనిపించేలా ఒక భయంకరమైన నవ్వు నవ్వుతారు, అది మా ఇంటిల్లిపాదికీ తెలుసు. ఈయన ఒక్కసారి కూడా నవ్వండి అనలేదు, స్మైల్ ప్లీజ్ లేదు, చీజ్ లేదు. "మాస్టారూ, మీ క్లాసులో హాజరు ఎట్లా వేసేవాళ్ళు, ఒకసారి పిలవండి" అన్నారు. నాన్నగారు మొదట మొహమాటపడ్డారు, తర్వాత గొంతు సవరించుకుని పాత పేర్లు ఒక్కొక్కటే పిలవడం మొదలుపెట్టారు, పేరు పిలవడం, జవాబు కోసం ఆగడం, కళ్ళజోడు మీదుగా చూడటం, మళ్ళీ ఇంకో పేరు. ఆ ఆగే చోట తీశారండీ ఫోటో. పేరు పిలిచాక "ప్రెజెంట్ సార్" కోసం చివరి బెంచీ వైపు చూసే ఆ చూపు, చిన్నప్పుడు నేనూ ఆయన స్కూల్లోనే చదివా కాబట్టి నాకు ఒళ్ళు జలదరించింది, చేతిలో థర్మాకోల్ ఉంది కాబట్టి సరిపోయింది గానీ నేనే పలికేసేవాడిని.

1941 డిసెంబర్ 30న ఒట్టావాలో యూసఫ్ కార్ష్ చర్చిల్ ఫోటో తీసినప్పుడు ఆయన నోట్లో చుట్ట లాగేసి, ఆ కోపం మొహం మీద ఉండగానే తీశాడని ఫోటోగ్రఫీ గురించి రాసేవాళ్ళంతా చెప్తుంటారు. గొప్ప ఫోటోనే, కాదనను. కాకపోతే ఆ కథ పట్టుకుని మనోళ్ళు కొందరు అవతలి మనిషిని ఎట్లాగోట్లా ఉలిక్కిపడేలా చేస్తేనో చిరాకు పెడితేనో మంచి ఫోటో వస్తదనుకుంటారు, అందులో నాకు నమ్మకం లేదు. కార్ష్ ఆ మనిషికి అలవాటైన వస్తువు తీసేశాడు, ఈయన మా నాన్నగారికి అలవాటైన పని ఒకటి చేతికిచ్చారు, రిటైరైన మాస్టారికి రెండోదే నయం. నాకు తెలిసి మంచి పోర్ట్రెయిట్‌కీ మామూలు ఫోటోకీ తేడా ఇక్కడే పడిద్ది, కెమెరా ముందు కూర్చున్న మనిషి ఫోటో దిగడం అనే పని మానేసి తన పనేదో తను చేసుకోవాలి, అది తెచ్చేవాడే ఫోటోగ్రాఫర్, లెన్సు ఎవడైనా కొంటాడు.

అమ్మ కేసు వేరే. అమ్మకి పన్ను మీద పన్ను ఉంది, పెళ్ళినాటి నుంచీ ప్రతి ఫోటోలోనూ పెదాలు బిగించేసి ఉంటది, ఆ బిగింపు మెడలోకీ భుజాల్లోకీ దిగిద్ది. ఆయన దాని గురించి నోరెత్తలేదు, చేతులు ఏం చేయాలో తెలియకపోతే మనిషి మొత్తం బిగుసుకుపోతాడని చెప్పి అమ్మ చేతికి కాసిని మల్లెమొగ్గలూ దారమూ ఇచ్చి కట్టమన్నారు. వాళ్ళావిడ కూడా అక్కడే ఉన్నారు, చీర కుచ్చిళ్ళూ పమిటా సర్దడం, హారం నడిమికి తేవడం, జుట్టు చెదిరితే దువ్వడం అంతా ఆవిడే, ఆయన ఒక్కసారి కూడా దగ్గరికొచ్చి ముట్టుకుని సర్దలేదు. "వదినగారూ మెడ కొంచెం ముందుకి పెట్టి గడ్డం కాస్త దించండి" అని ఆవిడ చెప్తే అమ్మ హాయిగా దించింది, అదే ఆయన చెప్పుంటే ఇంకో పావుగంట పట్టేది. మనకిది కొత్తేం కాదు, రాజా దీన్‌దయాళ్ అనే ఫోటోగ్రాఫర్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి దాన్ని ఒక ఇంగ్లీషావిడ చేతికి అప్పగించాడు, పరదాలో ఉండేవాళ్ళు మగవాడి ముందు కూర్చోరు కదా. ఇన్నేళ్ళ తర్వాత కూడా చాలా స్టూడియోల్లో ఒక ఆడమనిషి సాయం ఉండదు, కుర్రాడొచ్చి "ఆంటీ, పమిట అట్టా కాదు" అంటుంటాడు, ఆవిడ మొహం ఇంకెట్లా విచ్చుకుంటది చెప్పండి. మొగ్గలు కడతా కడతా మధ్యలో తలెత్తి వాళ్ళావిడతో దేని గురించో మాట్లాడుతున్న ఫోటో ఒకటుంది, అందులో ఆ పన్ను కనపడతా ఉంది. ఇంటికొచ్చాక అమ్మ దాన్నే సెలెక్ట్ చేసింది, ఎందుకని ఎవ్వరం అడగలేదు.

కళ్ళ గురించి కూడా చెప్పాలి. మొహం పక్కకి తిరిగి ఉంటే కెమెరాకి దగ్గరున్న కన్ను షార్ప్‌గా ఉండాలి, అది మసకబారితే మిగతాదెంత బాగున్నా ఫోటో పోయినట్టే. లెన్సు రంధ్రం బాగా తెరిచి, అంటే ఎఫ్ 1.8లో పెట్టి దగ్గరగా తీస్తే ఒక కన్నుకి ఫోకస్ వస్తే రెండో కన్ను మెత్తబడిపోయిద్ది, సోషల్ మీడియాలో అదే స్టైల్ అంటారు, పెద్దవాళ్ళిద్దరి గోడ ఫోటోకి అది పనికిరాదు. ఈయన ఇద్దరి మొహాలూ ఒకే దూరంలో ఉండేలా కూర్చోబెట్టి, రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 5.6లో తీశారు. నల్లగుడ్డులో పై భాగాన కిటికీ తెల్ల చుక్కలా పడింది, అది లేకపోతే కళ్ళు గాజుకళ్ళలా ఉంటాయి, ఫోటో జూమ్ చేసి చూస్తే అమ్మ కంట్లో ఆ కిటికీ, కిటికీకి కట్టిన పంచె మడతలు కూడా కనపడుతున్నాయి.

టచింగ్ దగ్గర చిన్న గొడవైంది. సెలెక్షన్‌కి మా పిన్ని కూడా వచ్చింది, కంప్యూటర్ ముందు కూర్చుని "అక్కని కాస్త తెల్లగా చెయ్యండి, ఆ మచ్చ తీసేయండి, మెడ మీద ముడతలు కూడా" అని మొదలుపెట్టింది. ఆయన చెప్పిన పద్ధతి నాకు నచ్చింది, వారంలో పోయేవి తీసేస్తాను, ఏళ్ళ నుంచి ఉన్నవి ఉంచుతాను అన్నారు. నాన్నగారి మెడ మీద దోమ కుట్టిన దద్దురు తీసేశారు, గడ్డం గీసుకుంటే తెగిన గాటు తీసేశారు, అమ్మ చెంప మీద పుట్టుమచ్చ ఉంచారు. పిన్ని వదల్లేదు, చివరికి ఆయన "తెల్లగా చేసిస్తానమ్మా, రెండు నిమిషాల పని, కానీ గోడ మీద మీ అక్కగారు ఉండరు, ఇంకెవరో ఆవిడ ఉంటారు, మీ ఇష్టం" అన్నారు. పిన్ని మూతి ముడుచుకుంది గానీ ఇంకేం మాట్లాడలేదు. మా కజిన్‌కి పెళ్ళిచూపుల ఫోటో వేరే చోట తీయిస్తే అచ్చం ఇదే జరిగింది, పిల్ల మొహం పాలరాయిలా, చేతులు మాత్రం మామూలు రంగులో వచ్చాయి, ఆ ఫోటో చూసి వచ్చినవాళ్ళు పిల్లని చూసి మొహమొహాలు చూసుకున్నారు. అందంగా ఉండే పిల్లకి అనవసరమైన అవమానం అది.

ప్రింటు గురించి: 12 బై 18 అంగుళాల సైజు, మెరుపు లేని మ్యాట్ తీసుకున్నాం. గ్లాసీ అయితే హాల్లో కిటికీ, ట్యూబ్‌లైటు అన్నీ అందులోనే కనపడతాయి. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దానికీ ఫోటోకీ మధ్య మౌంటు, అంటే చుట్టూ అట్ట అంచు, తప్పకుండా వేయించండి, మన ఉక్కపోతకి ఫోటో అద్దానికి అతుక్కుపోయి తర్వాత తీయబోతే పొరతో సహా ఊడొచ్చిద్ది, మా తాతయ్య ఫోటో అట్లాగే పోయింది. సాఫ్ట్ కాపీ పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, ఆయన అసిస్టెంట్ కుర్రాడు వాట్సాప్‌లో పంపేస్తానంటాడు, వద్దనండి, వాట్సాప్ సైజు పిండేసిద్ది. ఆ సైజు ప్రింటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో రావాలంటే 3600 బై 5400 పిక్సెళ్ళు కావాలి, వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోకి అందులో సగం కూడా ఉండవు.

ఇక బాగోనివి. శనివారం ఇస్తామన్న ప్రింటు ఆ శనివారం రాలేదు, తర్వాతి శనివారమూ రాలేదు, ఫోన్ చేస్తే "రేపు పక్కా సార్" అంటారు, ఆ రేపు ఎప్పటికో వచ్చింది. ఊరెళ్ళాల్సిన ఫంక్షన్ ఏదైనా ఉంటే నెల ముందే తీయించుకోండి, లేకపోతే వాళ్ళ మీద అరిచి లాభం లేదు. రేట్ల బోర్డు లేదు, మనిషిని బట్టి చెప్తారేమో అని నాకు డౌటు, నేను బేరం ఆడితే ప్రింటు మీద కొంచెం తగ్గించారు, సిట్టింగ్ చార్జీ మీద మాత్రం పైసా తగ్గలేదు. ఫ్రేముతో కలిపి నాలుగు వేల లోపు అయింది, చేసిన పనికి అది ఎక్కువ కాదు. లోపలి గదిలో ఏసీ ఉంది గానీ ఉన్నట్టు అనిపించదు, పట్టుచీర కట్టుకునే వాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. చిన్నపిల్లల ఫోటోలకి నేనైతే సిఫార్సు చేయను, మాకు ముందు ఒకళ్ళు బాబుని తెచ్చారు, వాడు నిమిషం కుదురుగా లేడు, ఈయన పద్ధతేమో కుదిరేదాకా ఆగడం, చివరికి ఇద్దరూ అలిసిపోయారు. ఇంకో మాట, కస్టమర్ అడగందే చూపించరు గానీ వెనక జలపాతం, ఎర్ర గులాబీల తోట పెయింటింగ్ ఉన్న పరదాలు కూడా ఉన్నాయి. అడక్కండి. సాదా బూడిదరంగు పరదాయే వేయమనండి.

నా రేటింగ్ అయిదుకి నాలుగు, పోయిన ఒక్కటీ డెలివరీకే. శంకర్ విలాస్ సెంటర్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి సాయంత్రం ట్రాఫిక్ సంగతి తెలిసిందే, కారు పెట్టడానికి చోటు లేదు, పెద్దవాళ్ళని ఆటోలో తీసుకెళ్ళండి, మెట్లు మూడే. ఆదివారం మధ్యాహ్నం దాకా తీస్తారు, ఫోన్ చేసి కిటికీ గది ఖాళీగా ఉందో లేదో కనుక్కోండి. ముందు గదిలో కుర్రాడు "ఇక్కడే తీసేస్తాను సార్, అయిదు నిమిషాలు" అంటాడు, అది పాస్‌పోర్ట్ ఫోటోల కోసం, ఆగి పెద్దాయన్నే అడగండి.